సెక్యూరిటీ అలర్ట్ మెయిల్ వచ్చింది, నిజమా ఫేకా? తరచుగా అడిగే ప్రశ్నలు

"మీ అకౌంట్‌లోకి ఎవరో లాగిన్ అయ్యారు" అని మెయిల్ రాగానే చాలామంది చేసే మొదటి పని దాన్ని స్క్రీన్‌షాట్ తీసి తెలిసినవాళ్లకు పంపి "ఇది నిజమేనా?" అని అడగడం. ఒట్టి స్క్రీన్‌షాట్ చూసి తేల్చి చెప్పడం ఎవరివల్లా కాదు. కానీ అడిగే ప్రశ్నలు మాత్రం తిరిగి తిరిగి అవే వస్తున్నాయి కాబట్టి అన్నిటికీ జవాబులు ఒకచోట పెడుతున్నాను. ఎక్కువగా గూగుల్ అకౌంట్ గురించే ఉంటుంది, ఎందుకంటే ఆండ్రాయిడ్ ఫోన్ వాడే దాదాపు అందరికీ అది ఉంటుంది, ఫోటోలూ కాంటాక్టులూ బ్యాంకు మెయిళ్లూ అన్నీ దాంట్లోనే ఉంటాయి. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## మెయిల్ ఇప్పుడే వచ్చింది, ఇంకా ఏదీ నొక్కలేదు

"సెక్యూరిటీ అలర్ట్" అని వచ్చింది, ముందు ఏం చేయాలి?

మెయిల్‌ని అలాగే వదిలేసి అకౌంట్‌లోకి వెళ్లి చూడండి. అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇదే. మెయిల్ అసలుదా నకిలీదా అని కనిపెట్టే పని మీరు పెట్టుకోనక్కర్లేదు, ఎందుకంటే గూగుల్ నిజంగా అలర్ట్ ఇచ్చి ఉంటే అదే విషయం మీ అకౌంట్ లోపల కూడా రాసి ఉంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో సెట్టింగ్స్ తెరిచి, కిందికి జరిపి "గూగుల్" నొక్కి, మీ అకౌంట్ పేజీలోకి వెళ్లండి. అందులో సెక్యూరిటీ విభాగంలో ఇటీవలి సెక్యూరిటీ యాక్టివిటీ కనిపిస్తుంది. కంప్యూటర్ అయితే బ్రౌజర్‌లో మైఅకౌంట్.గూగుల్.కామ్ అని ఇంగ్లిష్‌లో మీ చేత్తో టైప్ చేయండి. మెయిల్‌లో చెప్పిన లాగిన్ అక్కడ కూడా ఉంటే అలర్ట్ నిజం, అప్పుడు అక్కడి నుంచే "ఇది నేనే" అనో "నేను కాదు" అనో చెప్పేయొచ్చు. అక్కడ ఏమీ లేకపోతే ఆ మెయిల్‌ని నమ్మకండి. రెండు సందర్భాల్లోనూ మెయిల్‌లోని బటన్‌తో మీకు పని పడలేదు, గమనించారా.

అసలైన అలర్ట్‌లో లింకులే ఉండవని విన్నాను, నిజమేనా?

కాదు. గూగుల్ పంపే అసలు అలర్ట్‌లో "చెక్ యాక్టివిటీ" అని నీలం బటన్ ఉంటుంది. కింద మైఅకౌంట్ పేజీ అడ్రస్ కూడా ఇస్తారు. మోసగాళ్లు ఆ మెయిల్‌ని అక్షరం పొల్లుపోకుండా కాపీ కొట్టి, బటన్ వెనకాల ఉన్న అడ్రస్ ఒక్కటి మారుస్తారు. అందుకే బటన్ ఉందా లేదా అన్నది గుర్తుగా పనికిరాదు. ఉన్నా నొక్కొద్దు, అంతే.

"24 గంటల్లో వెరిఫై చేయకపోతే అకౌంట్ మూసేస్తాం" అని రాశారు. టెన్షన్‌గా ఉంది.

ఆ టెన్షన్ పుట్టించడానికే అలా రాస్తారు. కొత్త లాగిన్ గురించి వచ్చే అసలు అలర్ట్ చప్పగా ఉంటుంది: ఫలానా ఫోన్‌లో సైన్ ఇన్ జరిగింది, మీరే అయితే ఏమీ చేయనక్కర్లేదు, కాకపోతే చెక్ చేసుకోండి. గడువు పెట్టి బెదిరించి, ఆ గడువులోపు పాస్‌వర్డో ఓటీపీయో కార్డు నంబరో అడిగే మెయిల్ దాదాపు ఎప్పుడూ మోసమే. పైగా మీరు ఐదు నిమిషాలు ఆగి, వేరే దారిలో అకౌంట్‌లోకి వెళ్లి చూసుకున్నంత మాత్రాన కొంపలేమీ మునగవు.

మెయిల్ ఓపెన్ చేసి చదివాను. అంతమాత్రానికే హ్యాక్ అవుతుందా?

జీమెయిల్, అవుట్‌లుక్ లాంటి వాటిలో ఊరికే తెరిచి చదివితే సాధారణంగా ఏమీ కాదు. మహా అయితే మెయిల్‌లో దాచిన బొమ్మ లోడ్ అయి, ఈ అడ్రస్ వాడుకలో ఉందని పంపినవాడికి తెలియొచ్చు. ప్రమాదం మొదలయ్యేది లింకు నొక్కి అక్కడేదైనా టైప్ చేసినప్పుడు, అటాచ్‌మెంట్ తెరిచినప్పుడు, క్యూఆర్ కోడ్ స్కాన్ చేసినప్పుడు. లాగిన్ జరిగిందని చెప్పడానికి అటాచ్‌మెంటుతోనూ క్యూఆర్ కోడ్‌తోనూ పనేముంది? అలాంటివి కనిపిస్తే అనుమానించాల్సిందే.

ఒక్క స్పెల్లింగ్ తప్పు కూడా లేదు, లోగో కూడా కరెక్టుగా ఉంది. అంటే అసలుదే కదా?

ఆ రోజులు పోయాయి. ఒకప్పుడు "డియర్ కస్టమరు" అంటూ వంకర ఇంగ్లిష్‌లో వచ్చేవి, చూడగానే తెలిసిపోయేది. ఇప్పుడు ఏఐతో ఎవరైనా తప్పుల్లేని ఇంగ్లిష్, చక్కటి తెలుగు కూడా రాయించుకోవచ్చు. లోగో కాపీ చేయడం ఎప్పుడూ కష్టం కాదు. తప్పులుంటే అనుమానించండి, కానీ తప్పులు లేవని నమ్మేయకండి. మీ పేరు, ఫోన్ నంబరు కరెక్టుగా రాసినా అంతే, ఏదో ఒక కంపెనీ నుంచి లీకైన డేటాలో అవి దొరుకుతాయి.

స్పామ్ ఫోల్డర్‌లో కనిపించింది. వదిలేయొచ్చా?

స్పామ్‌లో ఉందంటే మోసం అయ్యే అవకాశం ఎక్కువే, కానీ అసలైనవి కూడా అప్పుడప్పుడు అందులో పడుతుంటాయి. మనసు పీకుతుంటే యాప్ తెరిచి అకౌంట్‌లో సెక్యూరిటీ పేజీ ఒకసారి చూసుకోండి, ఒక్క నిమిషం పని. "నాట్ స్పామ్" నొక్కి ఇన్‌బాక్స్‌లోకి తెచ్చుకుని మరీ లింకు నొక్కడం మాత్రం చేయకండి.

## ఎవరు పంపారు, లింకు ఎక్కడికి పోతుంది

పైన "గూగుల్" అనే పేరే ఉంది కదా, అది చాలదా?

చాలదు. పేరు దగ్గర ఎవరు ఏదైనా రాసుకోవచ్చు, నేను నా మెయిల్‌కి "స్టేట్ బ్యాంక్" అని పేరు పెట్టుకున్నా ఆపేవాళ్లు ఉండరు. చూడాల్సింది ఆ పేరు వెనకున్న అడ్రస్. జీమెయిల్ యాప్‌లో పంపినవారి పేరు కింద "టు మీ" అని ఉన్నచోట నొక్కితే పూర్తి అడ్రస్ కనిపిస్తుంది. గూగుల్ లాగిన్ అలర్టులు మామూలుగా నో-రిప్లై@అకౌంట్స్.గూగుల్.కామ్ నుంచి వస్తాయి. అడ్రస్‌లో అక్షరాలు నెమ్మదిగా చదవండి, ఎందుకంటే ఇంగ్లిష్‌లో ఆర్, ఎన్ పక్కపక్కన పెడితే ఫోన్ తెరమీద ఎమ్ లాగే కనిపిస్తుంది, "ఓ" బదులు సున్నా పెట్టినా కన్ను పట్టుకోదు. మైక్రోసాఫ్ట్ పేరుతో ఈ ఎత్తు బాగా నడుస్తుంది.

అడ్రస్ కూడా అసలైన గూగుల్‌దే. ఇక కళ్లు మూసుకుని నమ్మొచ్చా?

నమ్మొద్దు. 2025 ఏప్రిల్‌లో జరిగింది చెప్తాను. నిక్ జాన్సన్ అనే సాఫ్ట్‌వేర్ డెవలపర్‌కి నో-రిప్లై@గూగుల్.కామ్ నుంచి మెయిల్ వచ్చింది. మీ అకౌంట్‌లోని సమాచారం ఇవ్వాలని గూగుల్‌కి కోర్టు సమన్లు అందాయి, వివరాలకు ఈ లింకు చూడండి అని దాని సారాంశం. అడ్రస్ అసలుదే. జీమెయిల్ ఏ హెచ్చరికా చూపలేదు, పైగా గతంలో వచ్చిన నిజమైన సెక్యూరిటీ అలర్టుల వరసలోనే దీన్నీ పెట్టింది. లింకు నొక్కితే సైట్స్.గూగుల్.కామ్ మీద గూగుల్ సపోర్ట్ పేజీలాంటిది తెరుచుకుంది. సైట్స్ అనేది ఎవరైనా ఉచితంగా పేజీ తయారు చేసుకునే గూగుల్ సర్వీసు, ఆ పేజీ మోసగాళ్లది.

ఇది ఎలా కుదిరింది? వాళ్లు ముందు తమకే ఒక గూగుల్ అకౌంట్ తెరిచి, ఒక యాప్ తయారుచేసి, ఆ యాప్ పేరు పెట్టే చోట మోసం మెయిల్ మొత్తం రాశారు. ఆ యాప్‌కి తమ అకౌంట్‌లోకి అనుమతి ఇవ్వగానే గూగుల్ "ఫలానా పేరుగల యాప్‌కి అనుమతి ఇచ్చారు" అని వాళ్లకే ఒక అసలైన అలర్ట్ పంపింది, గూగుల్ డిజిటల్ సంతకంతో సహా. ఆ అలర్ట్‌ని సంతకం చెడకుండా బాధితుడికి మళ్లించారు. ఉత్తరం మీద సీలు అసలుదే, ఉత్తరం మాత్రం ఆయనకు రాసింది కాదు. తర్వాత గూగుల్ ఈ దారి మూసే ఏర్పాట్లు చేసింది, కానీ ఇంకో దారి దొరకదని ఎవరు చెప్పగలరు? అడ్రస్ తప్పుగా ఉంటే మెయిల్ ఫేక్ అని ఖాయంగా చెప్పొచ్చు, కరెక్టుగా ఉన్నంత మాత్రాన అసలుదని చెప్పలేం. అందుకే లాగిన్ అవ్వాలంటే ఎప్పుడూ మీ దారిలోనే వెళ్లండి.

ఫేస్‌బుక్ నుంచి వచ్చింది కానీ అడ్రస్‌లో "ఫేస్‌బుక్‌మెయిల్.కామ్" అని ఉంది. ఫేకే కదా?

అది ఫేస్‌బుక్ సొంత డొమైనే (డొమైన్ అంటే అడ్రస్‌లో యజమాని ఎవరో చెప్పే భాగం). చూడటానికి నకిలీలా ఉన్నా అసలుది. మైక్రోసాఫ్ట్ అకౌంట్ అలర్టులు కూడా అకౌంట్‌ప్రొటెక్షన్.మైక్రోసాఫ్ట్.కామ్ అనే పొడుగాటి అడ్రస్ నుంచి వస్తాయి, చాలామంది అది చూసి బెదిరిపోతారు. ఇవన్నీ గుర్తుపెట్టుకోవడం కన్నా తేలిక దారి ఉంది. ఫేస్‌బుక్ లేదా ఇన్‌స్టాగ్రామ్ యాప్‌లో సెట్టింగ్స్‌కి వెళ్లి, అకౌంట్స్ సెంటర్‌లో పాస్‌వర్డ్ అండ్ సెక్యూరిటీ తెరిస్తే, ఇటీవల వాళ్లు మీకు పంపిన మెయిళ్ల జాబితా ఉంటుంది. మీకొచ్చింది అందులో లేకపోతే వాళ్లు పంపలేదన్నమాట. ఇంత మంచి సౌకర్యం ఉందని తెలిసినవాళ్లు తక్కువ. అమెజాన్‌లో కూడా అకౌంట్ లోపల మెసేజ్ సెంటర్ ఉంది. మైక్రోసాఫ్ట్ అయితే రీసెంట్ యాక్టివిటీ పేజీలో గత 30 రోజుల లాగిన్లు చూపిస్తుంది.

లింకు ఎక్కడికి పోతుందో నొక్కకుండా ఎలా తెలుస్తుంది?

కంప్యూటర్‌లో లింకు మీద మౌస్ పెట్టి ఊరుకుంటే కింద మూలన అసలు అడ్రస్ కనిపిస్తుంది. ఫోన్‌లో లింకుని నొక్కి పట్టుకుంటే చూపిస్తుంది, కానీ వేలు జారితే తెరుచుకుంటుంది కాబట్టి ఫోన్‌లో ఈ సాహసం వద్దంటాను. చదివే పద్ధతి మాత్రం తెలుసుకోండి. హెచ్‌టీటీపీఎస్ తర్వాతి రెండు గీతలు వదిలేసి, ఆ తర్వాత వచ్చే మొదటి ఒంటి గీత దగ్గర ఆగి, అక్కడి నుంచి వెనక్కి చదవండి. ఆ గీతకి ఎడమవైపు ఆనుకుని ఉన్న చివరి ముక్కలే అసలు యజమాని. ఉదాహరణకు "అకౌంట్స్.గూగుల్.కామ్.లాగిన్‌చెక్.టాప్" అని ఉంటే అందులో గూగుల్ ఉన్నా అది గూగుల్‌ది కాదు, లాగిన్‌చెక్.టాప్ అనేవాడిది. మన దేశపు అడ్రసుల్లో గవ్.ఇన్, కో.ఇన్, బ్యాంక్.ఇన్ లాంటివి ఉంటే ఇంకో ముక్క ఎడమకి జరిగి చూడాలి. బిట్.లీ లాంటి పొట్టి లింకు అయితే చదవడానికేమీ ఉండదు, వదిలేయండి.

సైటులో తాళం గుర్తు ఉంది, మెయిల్‌లో నీలం టిక్ ఉంది. ఇంకా అనుమానం ఎందుకు?

తాళం గుర్తు చెప్పేది ఒక్కటే, మీకూ ఆ సైటుకీ మధ్య జరిగేది మూడోవాడు చదవలేడని. ఆ సైటే దొంగదైతే తాళం ఏం కాపాడుతుంది? జనం దాన్ని భద్రతకు గుర్తుగా పొరబడుతున్నారనే 2023లో క్రోమ్ ఆ తాళం బొమ్మనే తీసేసి వేరే గుర్తు పెట్టింది. జీమెయిల్‌లో నీలం టిక్ 2023 మేలో వచ్చింది, కంపెనీ తన లోగో హక్కును నిరూపించుకుంటే ఇస్తారు. వచ్చిన నెలలోనే ఒక కొరియర్ కంపెనీ పేరుతో నకిలీ మెయిల్ ఆ టిక్‌తో సహా ఇన్‌బాక్స్‌లోకి వచ్చింది, దాంతో గూగుల్ నిబంధనలు గట్టి చేయాల్సి వచ్చింది. టిక్ ఉంటే కొంత నయం, అంతకు మించి కాదు.

## అలర్ట్ నిజమైనదే, కానీ విషయం అర్థం కావట్లేదు

నేనుండేది కరీంనగర్. చెన్నైలో లాగిన్ అయినట్టు చూపిస్తోంది. హ్యాక్ అయ్యానా?

అవ్వాలనేం లేదు. ఆ ఊరి పేరు ఐపీ అడ్రస్‌ని, అంటే మీ ఇంటర్నెట్ కనెక్షన్‌కి ఉండే నంబరుని బట్టి వేసే అంచనా మాత్రమే. మొబైల్ నెట్‌వర్కులు ట్రాఫిక్‌ని పెద్ద నగరాల మీదుగా మళ్లిస్తాయి కాబట్టి మీరు కదలకుండా ఇంట్లో కూర్చున్నా చెన్నై, ముంబై, బెంగళూరు అని రావచ్చు. వీపీఎన్ (మీ ఇంటర్నెట్‌ని ఇంకో చోటి మీదుగా పంపే యాప్) వాడితే ఏకంగా వేరే దేశం చూపిస్తుంది. ఊరి కన్నా సమయం, పరికరం చూడండి. ఆ టైముకి మీరు కొత్త ఫోన్‌లో లాగిన్ అయ్యారా, బ్రౌజర్ మార్చారా, ఇంట్లో టీవీలో యూట్యూబ్‌కి మీ అకౌంట్ పెట్టారా, పిల్లలు ట్యాబ్‌లో పెట్టారా అని ఆలోచించండి. సెక్యూరిటీ పేజీలో "యువర్ డివైసెస్" అని మీ పరికరాల జాబితా ఉంటుంది. అందులో మీకు తెలియని ఫోన్ ఉంటే మాత్రం ఊరిని పట్టించుకోకుండా వెంటనే దాన్ని సైన్ అవుట్ చేసి పాస్‌వర్డ్ మార్చండి.

నాకు తెలియని ఎవరిదో అకౌంట్ గురించి అలర్ట్ నాకు వచ్చింది. ఏంటిది?

ఎవరో తమ అకౌంట్‌కి రికవరీ ఈమెయిల్‌గా మీ అడ్రస్ ఇచ్చారు. చాలాసార్లు ఇది పొరపాటే, మీ పేరులాంటి పేరే ఉన్నవాళ్లు ఒక అక్షరం తప్పు కొట్టి ఉంటారు. శ్రీనివాసులు, లక్ష్ములు ఎంతమంది ఉన్నారో తెలిసిందే కదా, ఇది ఎక్కువమందికే జరుగుతుంది. మీ ఫోన్ కొన్నప్పుడు షాపువాళ్లు మీ పేరు మీద తెరిచి మీకు చెప్పని రెండో అకౌంట్ అయ్యుండొచ్చు కూడా. మెయిల్‌లో ఏ అకౌంట్ గురించో ఉంటుంది, అది ముందు చదవండి. మీది కాకపోతే మీ అకౌంట్‌కి ప్రమాదమేమీ లేదు. మోసగాళ్లు ఈ అలర్ట్‌ని కూడా కాపీ కొడతారు కాబట్టి, అందులోని లింకు కూడా నొక్కొద్దు, పొరపాటున తెరిచినా ఏదైనా పేజీ మీ పాస్‌వర్డ్ అడిగితే అక్కడే ఆగిపోండి.

నేను అడగకుండానే పాస్‌వర్డ్ రీసెట్ కోడ్ వస్తోంది, రోజూ.

మీ అడ్రస్ తెలిసినవాళ్లు ఎవరైనా "ఫర్‌గాట్ పాస్‌వర్డ్" నొక్కగలరు, దానికి హ్యాకింగ్ అక్కర్లేదు. కోడ్ మీ దగ్గరికి వచ్చిందంటే వాళ్లు ఇంకా బయటే ఉన్నారు. ఆ కోడ్ ఎవరికీ చెప్పకండి, ఏ పేజీలోనూ కొట్టకండి. ఫోన్ తెరమీద "సైన్ ఇన్ చేస్తున్నది మీరేనా?" అని ప్రాంప్ట్ వస్తే "నో" నొక్కండి. విసుగొచ్చి "యస్" నొక్కుతారనే కొందరు అర్ధరాత్రి పదేపదే పంపిస్తారు. ఆ పాస్‌వర్డే ఇంకెక్కడైనా వాడి ఉంటే మార్చడానికి ఇది మంచి సమయం.

నా సొంత అడ్రస్ నుంచే నాకు మెయిల్ వచ్చింది! "నీ కెమెరాతో వీడియో తీశాను, బిట్‌కాయిన్ పంపు" అంటున్నాడు.

పంపినవారి అడ్రస్ దగ్గర మీ అడ్రస్‌నే దొంగగా పెట్టి పంపడం పాత ఎత్తు. వీడియో ఏమీ ఉండదు, అదే మెయిల్ ఒకేసారి వేలమందికి వెళ్తుంది. కొన్నింట్లో మీ పాత పాస్‌వర్డ్ కూడా రాస్తారు, అది చూసి మనిషి నిలువునా వణికిపోతాడు. ఎప్పుడో ఏదో సైటు నుంచి లీకైనది అది. ఇంకా దాన్నే వాడుతుంటే మార్చండి. డబ్బు పంపొద్దు, జవాబివ్వొద్దు. సిగ్గుపడి ఎవరికీ చెప్పకుండా దాచుకోవద్దు, ముఖ్యంగా చదువుకునే పిల్లలకు వస్తే ఇంట్లోవాళ్లు తిట్టకుండా పక్కన నిలబడాలి.

మెయిల్ వచ్చిన కాసేపటికి "గూగుల్ సపోర్ట్ నుంచి" అని ఫోన్ వచ్చింది. చాలా మర్యాదగా మాట్లాడారు.

పెట్టేయండి. మీ అకౌంట్‌లో ఎవరో లాగిన్ అయ్యారని చెప్పడానికి గూగుల్ మీకు ఫోన్ చేయదు. ఈ మోసంలో మెలిక ఏంటంటే, వాళ్లు అవతల మీ అకౌంట్ మీద రికవరీ మొదలుపెడతారు, దాంతో మీ ఫోన్‌కి నిజంగానే గూగుల్ నుంచి ప్రాంప్ట్ వస్తుంది. "చూశారా సార్, మేం చెప్పినట్టే వచ్చింది, యస్ నొక్కండి" అంటారు. నొక్కారో, తలుపు మీరే తీసినట్టు. మీ ఫోన్‌ని దూరం నుంచి నడపనిచ్చే ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ లాంటి యాప్‌లు ఇన్‌స్టాల్ చేయమన్నా ఇదే బాపతు. అమెరికాలో ఉన్న మనవాళ్లకు పేపాల్ అనే ఆన్‌లైన్ చెల్లింపుల కంపెనీ పేరుతో ఇంకో రకం వస్తుంది: మెయిల్ నిజంగా పేపాల్ నుంచే వస్తుంది, కానీ అందులో ఇన్‌వాయిస్ నోట్‌లో మోసగాడు తన ఫోన్ నంబరు పెట్టి "ఈ చెల్లింపు మీది కాకపోతే ఈ నంబరుకు కాల్ చేయండి" అని రాస్తాడు. మెయిల్‌లో ఉన్న నంబరుకు ఎప్పుడూ కాల్ చేయకండి.

## బ్యాంకు పేరుతో వచ్చినవి

మా బ్యాంకు సైటు అడ్రస్ మారిందని మెయిల్ వచ్చింది. ఇది కూడా మోసమేనా?

అడ్రసులు మారిన మాట నిజం. మన దేశంలో బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31లోగా బ్యాంక్.ఇన్ అనే చివర ఉన్న డొమైన్‌కి మారాలని రిజర్వ్ బ్యాంక్ ఆదేశించింది. స్టేట్ బ్యాంక్‌ది ఎస్‌బీఐ.బ్యాంక్.ఇన్ అయింది, మిగతావీ అలాగే. ఈ డొమైన్లు ఇచ్చే అధికారం మన హైదరాబాద్‌లో రిజర్వ్ బ్యాంక్ పెట్టిన ఐడీఆర్‌బీటీ అనే సంస్థకి మాత్రమే ఉంది, బ్యాంకు కానివాళ్లకు అది దొరకదు. సామాన్యులకు ఇది నిజంగా మేలు చేసే మార్పు. కానీ ఈ మార్పునే సాకుగా పెట్టుకుని "కొత్త సైటులో మళ్లీ రిజిస్టర్ చేసుకోండి" అని మోసగాళ్లూ రాయగలరు. మెయిల్‌లోని లింకుతో వెళ్లకుండా మీరే అడ్రస్ టైప్ చేసి, చివర బ్యాంక్.ఇన్ ఉందో లేదో చూసుకోండి. "బ్యాంక్-ఇన్.కామ్" లాంటివి వేరు, చివర్లో ఏముందన్నదే లెక్క.

కేవైసీ ఆగిపోయిందట, యాప్ ఫైల్ కూడా పంపారు.

ఏపీకే అని చివర ఉండే ఫైల్ అయితే ముట్టుకోవద్దు. ఏ బ్యాంకూ మెయిల్‌లోనో వాట్సాప్‌లోనో ఏపీకే పంపి ఇన్‌స్టాల్ చేసుకోమనదు. అలాంటివి మీ ఎస్సెమ్మెస్‌లు చదివి ఓటీపీలు అవతలికి పంపుతాయి, మీకు తెలిసేలోపు డబ్బు వెళ్లిపోతుంది. ట్రాఫిక్ చలానా, పీఎం కిసాన్, రివార్డ్ పాయింట్లు, పెళ్లి శుభలేఖ ఇలా ఎన్నో పేర్లతో తిరుగుతున్నాయి. కేవైసీ మీద అనుమానం ఉంటే బ్రాంచికి వెళ్లి అడగండి.

## నొక్కేశాను, ఇప్పుడేం చేయాలి

లింకు నొక్కాను, పేజీ తెరుచుకుంది, ఏమీ టైప్ చేయకుండా మూసేశాను.

ఎక్కువగా ఏమీ కాదు. ఏదైనా ఫైల్ డౌన్‌లోడ్ అయిందేమో చూసి, అయితే తెరవకుండా డిలీట్ చేయండి. ఫోన్, బ్రౌజర్ అప్‌డేట్ చేసుకోండి. ఆ పేజీలో "అలో" లాంటి అనుమతి ఏదైనా నొక్కి ఉంటే, అకౌంట్ సెక్యూరిటీ పేజీలో థర్డ్ పార్టీ యాప్‌ల జాబితా చూసి తెలియనివి తీసేయండి.

పాస్‌వర్డ్ కొట్టేశాను. ఓటీపీ కూడా ఇచ్చేశాను.

కంగారు పడే టైము లేదు, ఇప్పుడే చేయండి. వీలైతే వేరే ఫోన్ నుంచి అకౌంట్‌లోకి నేరుగా వెళ్లి పాస్‌వర్డ్ మార్చండి. తర్వాత పరికరాల జాబితాలో మీవి కాని వాటన్నిటినీ సైన్ అవుట్ చేయండి. ఎందుకంటే ఇప్పటి ఫేక్ పేజీలు కొన్ని మీరు కొట్టిన పాస్‌వర్డ్‌నీ ఓటీపీనీ అప్పటికప్పుడే అసలు సైటుకు పంపి, మీ లాగిన్ సెషన్‌నే కాజేస్తాయి, అంటే మీరు లాగిన్ అయి ఉన్నట్టే వాళ్లు లోపల ఉండిపోతారు.

ఆ తర్వాత చాలామంది మర్చిపోయేది చెప్తాను, ఇక్కడ నిదానంగా చూడాలి. లోపలికి వచ్చినవాడు మళ్లీ రావడానికి దారి పెట్టుకుని పోతాడు. రికవరీ ఫోన్, రికవరీ ఈమెయిల్ మీవేనా? జీమెయిల్ సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్‌లో కొత్త అడ్రస్ ఏదైనా చేరిందా? ఫిల్టర్లలో బ్యాంకు మెయిళ్లను నేరుగా ట్రాష్‌లోకి పంపేది ఏదైనా ఉందా? ఇది ముఖ్యం, మీకు అలర్టులు కనిపించకుండా చేయడానికి ఇలా పెడతారు. ఇవి కంప్యూటర్‌లోనో, ఫోన్ బ్రౌజర్‌లో డెస్క్‌టాప్ సైట్ పెట్టుకునో చూడాలి, యాప్‌లో దొరకవు. యాప్ పాస్‌వర్డ్‌లు (వేరే యాప్‌లు మీ అకౌంట్‌లోకి రావడానికి ఇచ్చే విడి పాస్‌వర్డ్‌లు), మీకు తెలియని పాస్‌కీలు (పాస్‌వర్డ్ బదులు వేలిముద్ర లాంటి వాటితో లాగిన్ అయ్యే ఏర్పాటు) ఉంటే తీసేయండి. అదే పాస్‌వర్డ్ వాడే మిగతా సైట్లన్నిటిలోనూ మార్చండి, ముందు బ్యాంకు, తర్వాత మిగతావి.

అకౌంట్‌లోకే వెళ్లలేకపోతున్నాను, వాడు అన్నీ మార్చేశాడు.

గూగుల్ అకౌంట్ రికవరీ పేజీ తెరవండి. మీరు రోజూ వాడే ఫోన్ నుంచి, మామూలుగా ఉండే చోటు నుంచి, అలవాటైన బ్రౌజర్‌లో ప్రయత్నించండి, ఇది నిజంగా తేడా చూపిస్తుంది. పాత పాస్‌వర్డ్ అడిగితే గుర్తున్నంతలో చెప్పండి, తెలియదని దాటేయడం కన్నా ఏదో ఒకటి చెప్పడమే మేలు. రికవరీ ఫోన్ మార్చినా 7 రోజుల వరకు పాత నంబరుకు కోడ్ పంపే అవకాశాన్ని గూగుల్ ఇవ్వవచ్చు, కాబట్టి "తర్వాత చూద్దాం" అనుకోకండి. "డబ్బిస్తే అకౌంట్ తిరిగి ఇప్పిస్తాం" అని సోషల్ మీడియాలో తగిలేవాళ్లను దగ్గరికి రానివ్వకండి, నష్టపోయినవాళ్లను మళ్లీ దోచుకోవడమే వాళ్ల పని.

బ్యాంకులో డబ్బు పోయింది.

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఇప్పుడే. తర్వాత సైబర్‌క్రైమ్.గవ్.ఇన్‌లో ఫిర్యాదు, బ్యాంకుకు ఫోన్ చేసి కార్డు, నెట్ బ్యాంకింగ్, యూపీఐ ఆపించడం. త్వరగా చెప్తే డబ్బు ఇంకా ఏదో ఒక ఖాతాలో ఉండగానే ఆపే అవకాశం ఉంటుంది, చేతులు మారేకొద్దీ అది తగ్గిపోతుంది. బ్యాంకు ఇచ్చే ఫిర్యాదు నంబరు రాసి పెట్టుకోండి. రిజర్వ్ బ్యాంక్ 2017 జూలైలో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, తప్పు మీదీ బ్యాంకుదీ కాక మరెక్కడో జరిగి, మీరు 3 పని దినాల్లో చెప్తే మీకు నష్టం ఉండదు. మీరే ఓటీపీ ఇచ్చి ఉంటే, బ్యాంకుకు చెప్పేదాకా పోయింది మీ మీదే పడుతుంది, చెప్పిన తర్వాత పోయేది బ్యాంకు భరించాలి. అందుకే తప్పు మీదే అనిపించినా ఆలస్యం చేయకండి.

## ఇకముందు

మళ్లీ ఇలా బుట్టలో పడకుండా ఒక్కటే చేయాలంటే ఏం చేయాలి?

పాస్‌కీ పెట్టుకోండి. ఫోన్ వేలిముద్రతో లాగిన్ అవ్వడం లాంటిదే, కానీ అది అసలు సైటు డొమైన్‌కి కట్టి ఉంటుంది కాబట్టి ఫేక్ పేజీలో పనిచేయదు, మీరు మోసపోదామన్నా కుదరదు. 2023 నుంచి గూగుల్ అకౌంట్లలో ఉంది. అది కుదరని చోట్ల పాస్‌వర్డ్ మేనేజర్ వాడండి. దానివల్ల ఇంకో లాభం ఉంది: రోజూ తనంతట తానే నింపే పాస్‌వర్డ్‌ని ఈరోజు నింపలేదంటే, మీరున్నది అసలు సైటు కాకపోవచ్చు. అప్పుడు గుర్తు తెచ్చుకుని మీ చేత్తో టైప్ చేయకండి.

నేను విదేశంలో ఉంటాను. ఊళ్లో అమ్మానాన్నలకు ఎలా చెప్పాలి?

అడ్రస్ చదవడం, డొమైన్లు, ఇవేవీ వాళ్లకు చెప్పకండి, అంత అక్కర్లేదు. రెండు మాటలు చాలు: మెయిల్‌లో, మెసేజ్‌లో వచ్చిన లింకు నొక్కొద్దు, ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు, నా పేరు చెప్పి అడిగినా సరే. అకౌంట్ అలర్టులు మీకూ వచ్చేలా వాళ్ల రికవరీ ఈమెయిల్‌గా మీది పెట్టండి, రికవరీ ఫోన్ మాత్రం వాళ్ల చేతిలో ఉండేదే ఉండాలి. ఈసారి ఊరు వెళ్లినప్పుడు వాళ్ల ఫోన్‌లో సెక్యూరిటీ చెకప్ పక్కన కూర్చుని చేయండి, తెలియని యాప్‌లు తీసేయండి, 1930ని కాంటాక్టుల్లో "సైబర్ పోలీస్" అని తెలుగులో సేవ్ చేయండి. వాళ్లు అనుమానం వచ్చి రాత్రి మీకు ఫోన్ చేస్తే "ఇంత చిన్నదానికా" అని విసుక్కోకండి, ఇంకోసారి అడగడం మానేస్తారు.

ఫేక్ అని తేలింది. డిలీట్ చేస్తే సరిపోతుందా?

డిలీట్ చేసే ముందు జీమెయిల్‌లో మూడు చుక్కలు నొక్కి "రిపోర్ట్ ఫిషింగ్" ఎంచుకోండి. అది కనపడకపోతే కంప్యూటర్‌లో తెరిచి చేయండి. అదే రకం మెయిల్ ఇంకొకరికి వెళ్లకుండా ఆపడానికి అది ఉపయోగపడుతుంది. ఎస్సెమ్మెస్, వాట్సాప్, ఫోన్ కాల్ రూపంలో వచ్చినవైతే కేంద్ర టెలికాం శాఖ సైటు సంచార్ సాథీలోని చక్షు అనే విభాగంలో ఫిర్యాదు చేయొచ్చు. కుటుంబ గ్రూపులో హెచ్చరించాలనుకుంటే స్క్రీన్‌షాట్ పెట్టండి, మెయిల్‌ని గానీ లింకుని గానీ ఫార్వర్డ్ చేయకండి, చదవకుండా నొక్కేవాళ్లు ప్రతి గ్రూపులోనూ ఉంటారు.